పదిహేడో నంబరు గాజు

వంటింటి గడప దగ్గర గోనెపట్టా పరుచుకుని, పాత కిటికీ అద్దాన్ని ముక్కలు చేస్తున్నాడతను. కట్టరుతో గీత గీసి, రెండు బొటనవేళ్లూ ఆనించి చిన్నగా నొక్కితే టిక్కుమని విరగాలి. విరిగింది. పదకొండోది. వేలెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. దాన్ని వెలుతురుకేసి పట్టుకుని ఒక కన్ను మూసి చూసి, పాత గుడ్డలో చుట్టాడు. అతని వేళ్ల కొసలు గాట్లు పడీ మానీ, తోలు ముక్కల్లా తయారయ్యాయి. వేడి గ్లాసు పట్టుకున్నా వాటికి కాక తెలియదు.

"అన్నంలో రాయి తగిలితే అందరి మొగుళ్లూ అరుస్తారు. ఈ ఇంట్లో నేను గాజు ఏరుకోవాలి" అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి.

"దొరికిందా?"

"దొరికితే మీకే వడ్డిద్దామని చూస్తున్నా."

అతను నవ్వి ఎడమ భుజం రుద్దుకున్నాడు. నాలుగు రోజులుగా లాగుతోంది. సంచి బరువు అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అదే భుజానికి తగిలించిన సంచి.

పురపాలక సంఘంలో ఇంజనీరు గారి కింద హెల్పరతను. పని ఏమిటంటే, ఊళ్లో బీటలు పడిన గోడలకు గాజు ముక్కలు అతికించడం, వాటిని చూసి రావడం. బీటకు అడ్డంగా గాజు పెట్టి రెండు చివర్లా సిమెంటు ముద్ద వేస్తాడు. గోడ కదలకుండా ఉంటే గాజు ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పటుక్కున విరుగుతుంది. ఇనుము కాస్త సాగుతుంది, చెక్క కాస్త వంగుతుంది. గాజుకు ఆ మొహమాటాలేవీ లేవు. ఇంతే విద్య. దీన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు, చెప్పినా ఇతన్ని ఎవరూ రానివ్వరు.

ఊళ్లో అరవై నాలుగు గోడల మీద అతని గాజులున్నాయి. ఒక్కోదాని మీదా కట్టరుతో గీకిన నంబరు, తేదీ. శాంతిభద్రతలంటే లాఠీలూ జీపులూ అనుకుంటారు జనం. తప్పు. రాత్రి మనం పడుకున్న గోడ పొద్దున కూడా నిలబడి ఉండడం భద్రత. అది దానంతటదే నిలబడుతోందని మనం అనుకోవడమే శాంతి. ఆ రెండూ ఈ సంచిలోంచి వస్తున్నాయని సభల్లో దండలు వేయించుకునే వాళ్లెవరికీ తెలియదు. అతనికీ తెలియదు, అది వేరే సంగతి.

తొమ్మిదింటికి బయలుదేరాడు. బడి ప్రహరీ మీద ఐదో నంబరు బాగుంది. నీళ్ల ట్యాంకు కాలి మీద పన్నెండో నంబరు బాగుంది. ప్రతి చోటా ముందు అరచేయి గోడకు ఆనిస్తాడు, జ్వరం చూసినట్టు. తరవాత చొక్కా చెంగుతో గాజు తుడుస్తాడు. బడి పిల్లలు కిటికీల్లోంచి "గాజుపెంకు తాతా!" అని అరిచారు. చెయ్యి ఊపాడు.

పదకొండింటికి బజారు వీధిలోని మూడంతస్తుల ఇంటికి వచ్చాడు. కింద బట్టల కొట్టు, మధ్య అంతస్తులో రెండు కాపురాలు, పై అంతస్తులో కుట్టుమిషన్లు నడిపే ఆవిడ, ఆమె కుటుంబం. వెనక గోడ మీద పదిహేడో నంబరు.

గాజు చెక్కుచెదరకుండా ఉంది. చూసి వెళ్లిపోవచ్చు. ఇంకెవరైనా అయితే వెళ్లిపోయేవాళ్లే. అతను చెంగుతో తుడిచాడు. పదిహేడు అన్న అంకె చెరిగిపోయింది.

కట్టరు గీత చెరగదు. ఇది సిరా.

తలెత్తి చూశాడు. పై కిటికీలోంచి కుట్టుమిషనావిడ చూస్తోంది. ఆవిడ గబగబా కిందికి దిగొచ్చింది, మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది.

"అమ్మా, ఈ గాజు నాది కాదు."

"మీది పగిలింది బాబాయ్. నేనే అతికించా. పటం అద్దం ఇరిచి, పక్కింటి మేస్త్రి దగ్గర గుప్పెడు సిమెంటు అడుక్కుని. మీరు రాసినట్టే రాశా కదా?"

"ఎందుకమ్మా?"

"గాజు పగిలితే ఇల్లు ఖాళీ చేయిస్తారంట కదా! నాలుగు వందల బడి బట్టలు కుట్టివ్వాలి బాబాయ్ నేను. ఆరు మిషన్లేసుకుని మంచంలో ఉన్న మావయ్యతో ఏ చెట్టు కిందికి పోను? అందుకే, గాజు బాగు చేస్తే పోలా అని..."

"ఎప్పుడతికించావు?"

ఆవిడ టేపు కొసను వేలికి చుట్టుకుంది. "ఏది? మొదటిదా?"

"ఎన్ని?"

"సోమవారం ఒకటి. నిన్న ఒకటి. అదీ పగిలితే పొద్దున మళ్లీ ఇది. పిల్లల బంతి తగిలిందేమో బాబాయ్."

ఆరేళ్లు ఆగిన గాజు. ఈ వారంలో మూడు విరిగాయి. అతను గోడకు చెవి ఆనించాడు. లోపల సన్నగా, ఎలుకలు గింజలు రాలుస్తున్నట్టు, ఇసుక జారుతోంది. వింటూండగానే చెవి పక్కన టిక్కుమంది. పొద్దున తన బొటనవేళ్ల కింద విన్న చప్పుడే. నాలుగోది విరిగింది.

కొట్టులో ఫోను తీసుకుని ఇంజనీరు గారికి చేశాడు.

"రిపోర్టు రాసి పెట్టు. రేపు వచ్చి చూస్తా" అన్నాడు ఆయన. "సంతకం లేకుండా ఒక్క మనిషిని కదిపావనుకో, ఇల్లు పడకపోతే కోర్టుకు లాగుతారు. నీకింకా ఎనిమిది నెలల సర్వీసే ఉంది. పెన్షను గుర్తు పెట్టుకో."

"చిత్తం సార్."

ఫోను పెట్టేశాడు. ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం ధిక్కరించిన వాడు కాదు. మళ్లీ ఫోను తీశాడు. ఈసారి చేసింది పారిశుద్ధ్య పనివాళ్ల మేస్త్రమ్మకు.

"చెల్లెమ్మా, ఎంతమంది ఉన్నారు?"

"పద్నాలుగు మందిమి అన్నా. ఏంది కథ?"

"బళ్లు తీసుకుని బజారు వీధికి రా. చెత్త కాదు. మనుషులు."

ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ పద్నాలుగు మంది ఆడవాళ్లు తోపుడు బళ్లు గడగడలాడించుకుంటూ ఆ వీధి మలుపు తిరిగి రావడం చూసినవాడు జన్మలో మరిచిపోడు. జీపులో వచ్చే బలగం ఎన్నడూ అంత వేగంగా రాలేదు. అతను అప్పటికే రోడ్డుకు అటూ ఇటూ తాడు కట్టాడు. చిటికెన వేలు లావు కొబ్బరి తాడు. బస్సు ఆగింది. లారీ ఆగింది. మామూలుగా ఒకర్నొకరు తొక్కుకుంటూ పోయే జనం, ఆ తాడు ముందు గోడకు కొట్టుకున్నట్టు ఆగారు.

బట్టల కొట్టాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఆర్డరేది? సంతకమేది? గాజుపెంకులు ఏరుకునేవాడివి, నువ్వా నన్ను లెమ్మనేది?"

"సంతకం రేపొస్తుందయ్యా. గోడ ఇవాళే వస్తుంది."

"బెదిరిస్తున్నావా?"

"ఒక్కసారి చెవి పెట్టండి. తరవాత నన్ను తన్నండి."

ఆయన విసుక్కుంటూ వెనక్కి నడిచి చెవి పెట్టాడు. అంత లావు మనిషి, గోడకు అతుక్కుని, కళ్లు మూసుకుని. తెరిచేసరికి ముఖంలో నెత్తురు లేదు. గల్లాపెట్టె వైపు కూడా చూడలేదు. "అమ్మా!" అంటూ లోపలి గదిలో ఉన్న ముసలితల్లి కోసం పరుగెత్తాడు.

ఆ తరవాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లలు, పరుపులు, బిందెలు, సగం కుట్టిన చొక్కాలు మెట్ల మీంచి దిగాయి. మిషన్లు ఒక్కోటీ ఇద్దరేసి ఆడవాళ్ల చేతుల మీద దిగాయి. "మా మిషను కాలు విరక్కొట్టకే తల్లీ!" అని కుట్టుమిషనావిడ అరిస్తే, "నీ గాజు కంటే గట్టిదేలే!" అంది మేస్త్రమ్మ. ఆ పరుగులో కూడా నలుగురు నవ్వారు. చిట్టచివర మంచంలో ఉన్న ముసలాయన్ని అతనే వీపున వేసుకుని తెచ్చాడు. మూడంతస్తుల మెట్లు. దిగేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి.

మూడు కావడానికి పది నిమిషాలుందనగా ఇల్లు నిట్టూర్చింది. అవును, ముందు వినిపించింది నిట్టూర్పే. వెనక గోడ నిలువునా, తొందర లేకుండా, మోకాళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. దాని వెంట మూడు అంతస్తుల గదులూ లోపలికి వంగాయి. చప్పుడు తరవాత వచ్చింది, పాదాల్లోంచి. తెల్లటి దుమ్ము తాడు దాకా వచ్చి అక్కడే ఆగింది, దానికీ ఎవరో చెప్పినట్టు. మూడు వందల మంది నిలబడిన వీధిలో ఒక్క దగ్గు వినిపించలేదు. ఒక పసిపిల్ల వేలు చూపించి "మా ఇల్లు" అంది, మెల్లగా.

మేస్త్రమ్మ తలలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి.

తోపుడు బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడతను. "మంచంలో ముసలాయనతో కలిపేనా?" అన్నాడు.

"కలిపే అన్నా. ఒక్కరూ పోలేదు."

"సరే" అన్నాడు.

ఆమె నీళ్లు తెచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. కళ్లు ఆ ఇంటి వైపే తెరిచి ఉన్నాయి. గ్లాసు పెదవులకు ఆనించి, కాసేపు అలాగే పట్టుకుని, నీళ్లు నేల మీద పోసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నాలుగింటికి జీపులో ఇంజనీరు గారు వచ్చాడు, సంతకం చేసిన కాగితంతో. అతికించడానికి గోడ లేదు. ఆయన టోపీ తీసి, ఆ తాడు దాటడానికి ధైర్యం చాలక, ఇవతలే నిలబడిపోయాడు.

భార్య వచ్చింది. ఏడుస్తుందని అందరూ దారి ఇచ్చారు. ఆమె అతని పక్కన కూర్చుని జుట్టులోని దుమ్ము దులిపింది. చొక్కా సర్దింది. పాదాల దాకా వచ్చి ఆగింది.

"ఈయన చెప్పులేవి?"

కుట్టుమిషనావిడ ముందుకొచ్చి, ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"మా గడప దగ్గర విప్పాడు పిన్నీ. గోడ గరగరమంటోంది. రా బాబాయ్, రా అని నేను అరుస్తున్నా. అయినా విప్పే లోపలికొచ్చాడు."

అందరూ తలెత్తి చూశారు. ఇంట్లో సగమే కూలింది. మెట్లు మిగిలాయి. పై మెట్టు చివర చాపంత జాగా, ఒక ద్వారబంధం, దాని వెనక ఉత్త ఆకాశం. ఆ గడప ఇవతల, ఒకదాని పక్కన ఒకటి, మడమలు వీధి వైపు తిరిగి, పాత తోలు చెప్పుల జత.