విటమిన్ల సీసా

చెమట వాణ్ని ఏ రోజు వదిలిపోయిందో నేను గుర్తుపట్టి ఉండాల్సింది, రంజాన్ మొదలైన మరునాటి శుక్రవారమే కావచ్చు, బస్సు దిగి రియాద్‌లో మా ఇంటిదాకా నడిచి వచ్చేసరికి ఎప్పుడూ తమ్ముడి అంగీ వీపుకు అతుక్కుపోయి ఉండేది, ఆ రోజు పొడిగా, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది, నేను చూశాను, చూసి, ఇయ్యాల నీటుగున్నవురా నాగేందర్ అన్నాను, వాడు నవ్వి నీళ్లడిగాడు, రెండు గ్లాసులు తాగి మూడోది అడిగాడు, ముఖం కందిపోయి ఉంది, ఎండ అనుకున్నాను, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుందని ఏడో తరగతి పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే నేను, ఎదురుగా కూర్చున్న మనిషి ఒంటి మీద చెమట లేకపోవడాన్ని శుభ్రత అనుకున్నాను.

ఈ ఆసుపత్రి వరండాలో మాత్రం చలి, ఇనుప కుర్చీ చీరలోంచి కూడా చల్లగా తగులుతోంది, గాజు తలుపు వెనక వాడి మీద తడి గుడ్డలు కప్పి ఫ్యాన్లు తిప్పుతున్నారు, జ్వరం నలభై ఒకటిన్నర దాటిందని డాక్టరమ్మ చెప్పింది, మన లెక్కలో నూట ఏడు, నూట ఏడు డిగ్రీలు ఒక మనిషి ఎంతసేపు మోయగలడు, పక్క కుర్చీలో అంజన్న, మా పక్క ఊరివాడే, కూలీల క్యాంపులో తమ్ముడి గదిలోనే ఉంటాడు, తమ్ముడు సెంట్రింగ్ చెక్క మోస్తూ ఒంటిగంటకు పడిపోయాడని మూడోసారి చెబుతున్నాడు, మద్యాన్నం ఎండల పనాపే సెలవు ఇంక ఇయ్యలేదు మేడం, జూన్ పదిహేను దాక ఇయ్యరు, నీళ్లు తాగుదమంటె రంజాన్ గదా, అందరి ముంగట తాగొద్దు, క్యాబిన్ల వోయి తాగిరావాలె, రెండోసారి పోతె ఫోర్మన్ లొల్లి, మనది గూడ ఒక్కపొద్దే అనుకో, అని ఆగి, మేమంత నానిపోతుంటె మీ తమ్ముని అంగి ఎండే ఉంటుండె, నీకు లోపల్నె ఏసీ పెట్టిచ్చిన్రార అని నవ్వుతుంటిమి మేడం, వాడు గూడ నవ్వుతుండె, అంటూ తువ్వాలలో ముఖం దాచుకున్నాడు, ఆ ఏసీ మాట నేనూ విన్నాను, పోయిన వారం ఫోన్లో వాడే చెప్పాడు, నేనూ నవ్వాను.

డాక్టరమ్మ ఇందాక బయటికి వచ్చి అడిగింది, ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది, వడదెబ్బకు ఇంత బిగుసుకోవడం నేను చూడలేదు, రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా, విటమిన్లు అన్నాను, ఆలోచించి అన్న మాట కాదు, తొమ్మిదేళ్లుగా నోటికి అలవాటైన మాట, నా వెనకే తమ్ముడి కంపెనీ కాగితాలు చూసే దిలావర్ నిలబడి ఉన్నాడు, హైదరాబాదు మనిషి, మర్యాదగానే మాట్లాడతాడు, డాక్టరమ్మ లోపలికి పోగానే, దిమాగ్ సంగతేం లేదు కదా మేడం, ఉంటె చెప్పున్రి, అట్లాంటోళ్లకు కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తది, మళ్ల నన్నడుగుతరు, అన్నాడు, ఏం లేదు భాయ్ అన్నాను, రెండోసారి, మొదటిది అలవాటు, రెండోది అబద్ధం.

తొమ్మిదేళ్ల కింద బావి నీళ్లలో ఎవరో ఏదో కలిపారని వాడు మూడు రోజులు నీళ్లు ముట్టలేదు, కరీంనగర్ డాక్టరు బిళ్లలిచ్చాడు, హాలోపెరిడాల్, వాడు మళ్లీ వాడయ్యాడు, ఆ మందుకు చేతులు వణికితే ఇంకో బిళ్ల, అది నోరు ఎండబెడుతుంది, చెమటను ఆపుతుంది, ఎండలో జాగ్రత్త అని డాక్టరు చెప్పాడా, చెప్పాడు, చెప్పే ఉంటాడు, డబ్బాలోని సన్న అక్షరాల కాగితం నేనే చదివాను, ఎర్ర సిరాతో ఒక్క వాక్యం కింద గీత గీశాను, ఒక్కసారిగా ఆపరాదు, అది తప్ప మిగతా వాక్యాలన్నీ, ఒళ్లు బిగుసుకుని జ్వరమొస్తే వెంటనే డాక్టరుకు చూపాలన్నది కూడా, గీతలు లేకుండా ఉండిపోయాయి, ఎందుకంటే వాడు ఒకసారి మందు ఆపి రోడ్డు మీద లారీలకు ఎదురు పరుగెత్తాడు, నాకు ఆ భయం ఒక్కటే తెలుసు, గల్ఫ్ వీసాకు చేసే మెడికల్‌లో ఎవరికీ తెలియకూడదని రెండు రకాల బిళ్లలూ విటమిన్ల సీసాలో పోసింది నేనే, సెలవుకు పోయి వచ్చినప్పుడల్లా ఆ సీసా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే రియాద్‌లో దిగింది, డాక్టరు చీటీ లేని బిళ్లలు, పేరు మార్చిన సీసా, ఇక్కడ దానికేం శిక్షో నాకు తెలియదు, తెలుసుకోవాలనుకోలేదు, నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, మా ఆయన దాని మీదే ఉంది, కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకుంటే కట్టాల్సిన ఫ్యామిలీ ఫీజు వచ్చాక నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి, మేమైనా ఎన్నాళ్లుంటామో, అయినా వాడి కంపెనీ సర్కారు లెక్కలో రెడ్‌లో పడ్డప్పుడే నాకు తెలివి వచ్చి ఉండాలి, సౌదీవాళ్లు తగినంత మంది లేరని ఇఖామాలు రెన్యువల్ కాలేదు, ఇఖామా లేక ఇన్సూరెన్స్ పోయింది, సెలవు పోయింది, వణుకు తగ్గితే రెండో బిళ్ల మెల్లగా తగ్గించేద్దాం, ఆరు నెలలకు తీసుకురండి అన్న కరీంనగర్ డాక్టరు దగ్గరికి ఏడాదిన్నరగా పోలేదు, వణుకు ఎప్పుడో పోయింది, బిళ్ల పోలేదు.

తలుపు తెరుచుకుంది, నర్సు తల బయటికి పెట్టి, మేడమ్, పేషెంట్ కొట్టుకుంటున్నాడు, సెలైన్ పీకేసుకున్నాడు, డాక్టర్ మత్తు ఇంజెక్షన్ ఏదో రాస్తున్నారు, భయపడకండి అంది, ఏ ఇంజెక్షన్ అని అడిగేలోపు తలుపు మూసుకుంది, కరీంనగర్‌లో మొదటి రోజు వాణ్ని నలుగురు పట్టుకుంటే ఇచ్చిన ఇంజెక్షన్ గుర్తొచ్చింది, ఇదే మందు రేపటినుంచి బిళ్లగా వేసుకోవాలి అన్నారు, ఇదే మందు, ఇక్కడ కూడా అదే ఇస్తే, బిగుసుకున్న ఒంట్లోకి ఇంకొంచెం అదే పోస్తే, వాళ్లకేం తెలుసు, వాళ్లకు విటమిన్లు అని చెప్పింది టీచరు, దిలావర్ ఫోన్లో ఎవరితోనో అరబ్బీలో మాట్లాడుతూ నా వైపే చూస్తున్నాడు, మరదలు స్వర్ణ ఊరినుంచి ఫోన్ చేస్తూనే ఉంది, ఎత్తి ఏం చెప్పాలి, నీ మొగుడి ఉద్యోగం కాపాడుతున్నానమ్మా అని చెప్పాలా.

కానీ ఆదివారం ఫోన్లో వాడు అన్న మాట ఉంది, దాన్ని ఇందాకటినుంచీ దాటుకుంటూ పోతున్నాను, ఇంక దాటలేను, అక్కా, లోపల పొయ్యి రాజేసినట్టున్నదే, ఆ సెగ బయటికి ఎల్తలేదు, గుండె దడదడ అంటున్నది, మెడ తిరుగుతలేదు, ఇట్లనే అన్నాడు, నెమ్మదిగా, వరసగా, క్లాసులో జవాబు చెప్పే పిల్లవాడిలా, నాకు బావి నీళ్లు గుర్తొచ్చాయి, మళ్లీ మొదలైందిరా దేవుడా అనుకున్నాను, పొయ్యీ లేదు ఏం లేదు నాగేందర్, రాత్రి ఇంకో బిళ్ల ఎక్కువ ఏస్కో అన్నాను, ఆ హాలోపెరిడాలే, ఏస్కుంటనే అక్కా, నువ్వు చెప్పినంక ఏస్కోనా అన్నాడు, ఆ రోజు, మరునాడు, నిన్న, మూడు రాత్రులు వేసుకున్నాడు, తొమ్మిదేళ్లలో వాడు తల నొస్తోందన్నా, నిద్ర వస్తోందన్నా, నోరు ఎండుతోందన్నా మేం విన్నది జబ్బు గొంతునే, వాడి గొంతును కాదు, ఆదివారం వాడు పిచ్చి మాట ఒక్కటీ మాట్లాడలేదు, తన ఒంట్లో ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, తప్పుగా విన్నది నేను. గాజు తలుపు నాకు ఆరడుగుల దూరంలో ఉంది. ఆ బిళ్లల పేర్లేమిటో, మూడు రాత్రులు నా మాట మీద వాడు ఎన్ని వేసుకున్నాడో, డాక్టరమ్మకు నేను ఇంకా చెప్పలేదు.