దొరసాని మనిషి

మా టేషన్లో ఫస్టు క్లాసు వెయిటింగు రూముకు ఒకటే తలుపు. దాని తాళంచెవి పదహారేళ్ళుగా నా మొలతాడుకే వేలాడుతోంది. పాలమూరుకూ గద్వాలకూ నడుమ చిన్న పట్టాల లైను మీద, రోజుకు నాలుగు బండ్లు ఆగే టేషను మాది. చౌకీదారు బీరన్న అంటే అటు కూలివాళ్ళకూ ఇటు పటేళ్ళకూ తెలుసు. మంచోడని తెలుసునని మాత్రం అనను.

రూలు ముక్కుసూటిది. ఫస్టు క్లాసు టికెట్టుంటే లోపలికి, లేకుంటే వేపచెట్టు కిందికి. అయినా జనం ఊరుకుంటారా? 'మా పటేలు ఎనక వస్తుండు' అంటూ ముందే వచ్చి కుర్చీలో కూలబడేవాడొకడు. ఆ పటేలు ఎప్పటికీ రాడు. కడుపునొప్పని గడప ముందర దొర్లేవాడొకడు, బండి కూత వినగానే వాడికి నయమైపోతుంది. టేషన్ మాష్టారి బామ్మర్దికి దోస్తునని ఒకడు, లోపల చెంబు మరిచిపోయానని ఒకడు. ఒక పెద్దమనిషైతే ఏనాటిదో పాత టికెట్టు పట్టుకొచ్చి చూపించాడు. నాకు చదువు రాదనుకున్నాడు పాపం. వాడిని వేపచెట్టు కింద కూడా కూర్చోనివ్వలేదు నేను.

నిజంగా పనిచేసే దారి ఇంకొక్కటే ఉండేది. టికెట్టున్న మనిషి వెనక్కి తిరిగి 'మావాళ్ళే' అని ఒక్క మాటంటే చాలు, వెంట వచ్చినవాళ్ళు ఎవరైనా లోపలికి పోవచ్చు. అది ఏ కాగితం మీదా లేదు, కానీ అన్ని టేషన్లలోనూ నడిచేది. నేను నా పుస్తకంలో 'ఫలానా వారి మనుషులు' అని రాసుకుని తలుపు తీసేవాడిని.

యాభై నాలుగు ఎండాకాలంలో ఒక దొరసాని వచ్చింది. దమ్ము జబ్బు మనిషి, పట్నం దవాఖానకు పోతోంది. వెనక సంచి మోసుకుంటూ గుర్వమ్మ అనే ఆమె. గుర్వమ్మది థర్డు క్లాసు టికెట్టు. అలవాటు ప్రకారం "మీ మనిషేనా దొరసానీ?" అని అడిగాను. ఆమె తల కూడా తిప్పలేదు.

"మనిషి గాదు, నౌకరు" అని లోపలికి పోయింది.

బండి రెండు గంటలు లేటు. కాసేపటికి లోపలి నుంచి "గుర్వీ" అన్న పిలుపు వినిపించింది. తర్వాత ఇంకోసారి, చాలా సన్నగా. గుర్వమ్మ నా కాళ్ళ మీద పడ్డంత పని చేసింది. "మందుసీస నా సంచిల ఉన్నదన్నా, జర పోనియ్యి" అంది. సీసా ఇటివ్వు, నేనిస్తానని అయినా అనలేదు నేను. టికెట్టు చూపించమన్నాను. గంట కొట్టాక తలుపు తీస్తే, దొరసాని కుర్చీలోనే ఉంది, మెడ పక్కకు వాలి. కళ్ళు తలుపు మీదే నిలిచిపోయి ఉన్నాయి. రూలు నా పక్కనుంది కాబట్టి ఎవరూ నన్నేమీ అనలేదు. గుర్వమ్మ కూడా అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

నెల తిరక్కముందే మొదలైంది. ఒక మధ్యాహ్నం, గది ఖాళీగా ఉంది, బయట తాళం వేసి ఉంది. థర్డు క్లాసు ముసలాయన ఒకడు నీడకని తలుపుకు ఆనుకుని కూర్చుంటే, లేవమని గదమాయిస్తున్నాను. లోపలి నుంచి ఒక ఆడగొంతు నింపాదిగా అంది.

"రానియ్యి, మావాళ్ళే."

నా చేతిలో కర్ర కింద పడింది. తాళం తీసి చూస్తే ఎవరూ లేరు. పొద్దున నిండుగా పోసిన కుండలో నీళ్ళు మాత్రం సగానికి దిగి ఉన్నాయి. ముసలాయనకు ఏమీ వినిపించలేదు. టేషన్ మాష్టారికి చెబితే ఎండదెబ్బ, మజ్జిగ తాగమన్నాడు. నాలుగేళ్ళు ఆ 'మావాళ్ళే' విన్నాను. తలుపు దగ్గరికి ఏ టికెట్టు లేని మనిషి వచ్చినా అదే మాట. మధ్యాహ్నం పూట ఆ గది తీయడమే మానేశాను. నిజంగా టికెట్టున్నవాళ్ళు వస్తే తాళం చెడిందని చెప్పి మాష్టారి గదిలో కూర్చోబెట్టేవాడిని.

యాభై ఎనిమిదిలో ఆండాళు వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చాను.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఏడాది రోళ్ళే కాదు మనుషులూ పగిలిపోయేటట్టున్నారు. పగటి బండి మూడు గంటలు లేటని తంతి వచ్చింది. మొగుడూ పెళ్ళామూ వచ్చారు, మగ్గం నేసే సాలోళ్ళు. అతని పేరు దశరథ, ఆమె ఆండాళు. ఆమె చేతిలో తడిగుడ్డ చుట్టిన మూడు నెలల ఆడపిల్ల. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పాలమూరు దవాఖానకు తీసుకుపోతున్నారు. వేపచెట్టుకు ఆకుల్లేవు, రేకుల కింద వడగాడ్పు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. కళ్ళు పైకి పోతున్నాయి.

దశరథ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, మాది థర్డు క్లాసే, అబద్ధమాడ. ఆ రూము సల్లగుంటదంటరు. నన్ను రానియ్యకు, మా ఆమెనూ పోరినీ కూసోనియ్యి. పోరి ఈ ఎండకు ఆగది."

అబద్ధమాడేవాళ్ళను ఎలా తరమాలో నాకు తెలుసు. నిజం చెప్పేవాడిని ఏం చేయాలో తెలియలేదు. తాళం చెడిందని అనబోయాను. అంతలోనే లోపలి నుంచి, "రానియ్యి, మావాళ్ళే."

ఆండాళు తలెత్తింది. "లోపల అమ్మ రమ్మంటుంది గదన్నా" అంది.

నాలుగేళ్ళలో నాకు తప్ప ఆ గొంతు ఎవరికీ వినబడలేదు. బయట ఉంటే పిల్ల ఎండకు పోతుంది, లోపల ఏముందో నాకు తెలుసు. మాష్టారిని బతిమాలి వస్తానని దశరథ అప్పటికే అటు పరుగెత్తాడు. నేను తాళం తీశాను. తీయకుండా ఉండాల్సిందా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను నేనే అడుగుతుంటాను. తీయాల్సిందేనని చెప్పుకుంటాను.

లోపల చల్లగా ఉంది. కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడికె నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు దానిమీద నేను నీళ్ళు చల్లలేదు. పడకకుర్చీలో దొరసాని కూర్చుని ఉంది, నాలుగేళ్ళ కిందట కట్టిన చీరే, మెడ కొంచెం పక్కకు వాలి. ఆండాళు బెదరలేదు. ఆమె కళ్ళకు ఎవరో గొప్పింటి ముసలావిడ, అంతే. తలుపు దగ్గరే కింద కూర్చుని చెంగుతో పిల్ల మొహం తుడిచింది.

"ఎవల బిడ్డ?" అంది దొరసాని.

ఆండాళు తడుముకోకుండా, "నాది గాదు దొరసానీ" అంది. "పెంట మీద దొరికింది. ఎవలదో ఏమో."

నాకు అర్థమైంది. మా వైపు అందరికీ అర్థమయ్యేదే. పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. పక్కింటామె ఎత్తుకుంటుంది. చాటెడు తవుడిచ్చి మళ్ళీ తెచ్చుకుంటారు. పెంటమ్మనో పెంటయ్యనో పేరు పెడతారు. ఎవరడిగినా దొరికిందనే చెప్పాలి, నాదని నోరు జారకూడదు. అక్కరలేని బిడ్డ అనుకుని చావు పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. ఆండాళు చావుకు చెప్పాల్సిన మాటే చెప్పింది. ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆమెకు తెలియదు.

"ఎవలది గాకపోతే ఇటియ్యి" అంది దొరసాని. "నాకూ ఎవలు లేరు."

ఆండాళు సంతోషంగానే ఇచ్చింది. ఆ చేతుల్లో పడగానే పిల్ల ఒళ్ళు చల్లబడింది. "జరం దిగింది దొరసానీ, నీ చెయ్యి మంచిది" అని దండం పెట్టింది పిచ్చిది. దొరసాని నా వైపు చూసింది.

"రాసుకో బీరిగా. నా మనిషని."

రాశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. భయంతో రాశానంటే సగమే నిజం. టికెట్టున్నవాళ్ళు చెప్పింది రాయడం నా చేతికి అలవాటు. అక్షరాలు కాగితం మీద పడ్డాక, పిల్ల పెదాలు నల్లబడటం చూశాను. పొట్ట ఎగిసిపడటం లేదు.

బయట గంట కొట్టారు, బండి అవతలి టేషను దాటింది. ఆండాళు లేచి చేతులు చాచింది. దొరసాని ఇవ్వలేదు.

"నీది గాదంటివి గద."

"గట్లనే అంటం దొరసానీ. ఇటియ్యి."

"ఎవలదో అంటివి. వీడు రాసిండు. నా బండి వచ్చినప్పుడు నాతోనే వస్తది."

అప్పుడు ఆండాళుకు తెలిసింది. పిల్ల మొహం చూసింది, దొరసాని వాలిన మెడ చూసింది. నా వైపు తిరిగింది.

"నీదని చెప్పు చెల్లె" అన్నాను.

"ఎట్ల చెప్తనన్నా?" అంది. "ముగ్గురిని నా బిడ్డలని ముద్దాడిన. ముగ్గురూ పోయిండ్రు. దీన్ని ఇంతవరకు ఒక్కపారన్న బిడ్డా అనలే. పాలిచ్చేటప్పుడు సుత మొకం దిక్కు చూడలే. ఇప్పుడు నాదంటే సచ్చిపోతది."

అనకపోతే కళ్ళ ముందే పోతోంది. ఆ తల్లికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చేయగలిగిందేమీ లేక కర్ర పట్టుకుని నిలబడ్డాను. నాలుగేళ్ళ కిందటా అలాగే నిలబడ్డాను. ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల పాదాలు రెండూ పట్టుకుంది.

"నాది" అంది. మెల్లగానే అంది. "నా కడుపుల పుట్టింది. నా బిడ్డ ఇది. పోతే నా బిడ్డగనే పోతది, నీ మనిషిగ పోదు. ఇటియ్యి."

దొరసాని నన్ను అడిగింది. "రెండు మాటలల్ల ఏది నిజం బీరిగా? పుస్తకంల ఉన్నదా, ఆమె నోటితోని అన్నదా?"

ఆమె టికెట్టు ఫస్టు క్లాసు, ఈమెది థర్డు. ఇన్నేళ్ళుగా నేనే మాట నమ్మానో ఆ గదికి తెలుసు.

"ఆమెదే దొరసానీ" అన్నాను. "నేను తప్పు రాసిన."

"మరి నాకెవలు? ఎవలొస్తరు నాతోని?" ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాడినేమో. అది గుర్వమ్మను రెండోసారి పిలిచినప్పటి గొంతు. "ఆ దినం ఒక్క మాట అంటే అది నాతోని లోపలికొచ్చేది. నా నోరు రాలే. అప్పటిసంది అందరిని మావాళ్ళే అంటున్న. ఒక్కరన్న రారు."

ఎందుకన్నానో నాకు తెలియదంటే అబద్ధం. బాగా తెలిసే అన్నాను.

"గుర్వమ్మను ఆపింది నేను. నేనున్న. నన్ను రాసుకుంట, నీ మనిషిని."

పిల్ల కెవ్వుమంది. ఆండాళు ఎప్పుడు ఎత్తుకుందో, ఎప్పుడు తలుపు దాటిందో చూడలేదు నేను. తలుపులోంచి చూస్తే బండి పొగ, దశరథ సంచి పట్టుకుని పరుగెత్తడం, ఆమె మూడో తరగతి డబ్బా మెట్టు మీద నిలబడి ఆ పిల్లను ముద్దులతో ముంచెత్తడం. ఎవరు చూస్తారని గానీ ఏది వింటుందని గానీ ఆమెకు పట్టింపు లేదు. నేను పుస్తకంలో పిల్ల సంగతి రాసిన వరుస కొట్టేసి, దాని కింద నా పేరు రాసి, ఎవరి మనిషి అన్నచోట దొరసాని అని రాశాను.

ఏడేళ్ళయింది. పిల్ల బతికింది. ఏటా పాలమూరు పోయేటప్పుడు దశరథ బండి కిటికీలోంచి నాకు చూపిస్తాడు. రెండుసార్లు నాకు బదిలీ వస్తే కాళ్ళావేళ్ళా పడి వద్దనిపించుకున్నాను. మధ్యాహ్నాలు ఆ గదిలోనే కూర్చుంటాను. నీళ్ళంటే నీళ్ళిస్తాను, విసరమంటే విసురుతాను. అంతకుమించి మా మధ్య మాటల్లేవు. టికెట్టు లేనివాళ్ళను ఇప్పుడు నేనే పిలిచి కూర్చోబెడుతున్నాను. పడకకుర్చీ ఒక్కటి మాత్రం ఖాళీగా ఉంచమంటాను. మాష్టారు తిడతాడు. కడుపునొప్పి వాళ్ళు కూడా వస్తున్నారు, రానీ.

రాత్రి పడుకుంటే ఒకటే ఆలోచన. ఆమె బండి ఏ బండి? అడగడానికి ధైర్యం చాలదు. భయం పోయిందని అనను. కూత వినబడితే చేతిలో ముద్ద కింద పెట్టేస్తాను, బండి వెళ్ళిపోయాకే తింటాను.

నిన్న మధ్యాహ్నం విసురుతూ ఉంటే, దొరసాని ఏడేళ్ళలో మొదటిసారి కుర్చీలోంచి లేచి నిలబడింది. చీర సర్దుకుంది.

"బీరిగా, సామాను కట్టుకో" అంది.

ఆమెకు సామానేమీ లేదు. నాకున్నది ఒక గొంగడి, ఒక చెంబు. ఇవాళ పొద్దున్నే మూట కట్టి తలుపు దగ్గర పెట్టాను.