గాజు మూత కింద ముక్క

మే నెల మొదటి మంగళవారం గున్వర్ ఎప్పటిలాగే కేకు చేసి, గుడ్డ కప్పి, సైకిలు బుట్టలో పెట్టుకుని విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఉద్యోగ సలహాల గది తలుపు తీసి, కిటికీ ఓరగా తెరిచి, కాఫీ పెట్టింది. కేకుని గాజు మూత ఉన్న పళ్ళెంలోకి మార్చి, ఒకసారి వాసన చూసి, నిట్టూర్చి కుర్చీలో కూర్చుంది.

ఆ ఏడు కేకు ఒక్క ముక్కే వచ్చింది.

ఆ కేకు సంగతి ముందే చెప్పుకుంటే తర్వాతదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఏటా గిన్నె అదే, గుడ్లు అన్నే, వెన్న అంతే, యాలకులు అన్నే. కానీ మే నెలలో చేసిన కేకు మాత్రం, ఆ మంచుదేశపు ఉత్తరాది ఊళ్ళో కొత్త పట్టభద్రులకి ఎన్ని ఉద్యోగాలుంటే అన్ని ముక్కలుగా, కత్తి పెట్టకుండానే విడివడి ఓవెన్‌లోంచి వచ్చేది. ముక్క తిన్నవాళ్ళకి ఆ వారంలోనే కబురొచ్చేది. ఆసుపత్రి ముక్క సబ్బు రుచి, బడి ముక్క సుద్ద రుచి, కలప మిల్లు ముక్క పైన్ చెట్టు బంక రుచి. నోట్లో పెట్టుకునేదాకా ఏది ఏదో తెలియదు. మనిషికి జన్మలో ఒక్క ముక్కే. రెండోది తింటే దూది నమిలినట్టే ఉంటుంది. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. ముక్కలు తగ్గిన ఏడు మాత్రం, వాన తక్కువైందని గొణుక్కున్నట్టు కాస్త గొణుక్కునేవాళ్ళు.

ఒక్క ముక్కే వచ్చిందని తెలియగానే ఆ ఏడు చదువు ముగించిన తరగతి వాళ్ళంతా మబ్బు చూసి గొడుగు అందుకున్నట్టు దక్షిణాదికి, స్టాక్‌హోమ్‌కి, రైలు టిక్కెట్లు కొనుక్కున్నారు. ఇద్దరే మిగిలారు. ఒకతె ఇల్వా, రెండోది డీసా.

ఇల్వా ఊరు వదలలేకపోవడానికి కారణం ఒక స్టూలు. వాళ్ళ నాన్నకి ఇంకా ఉత్తరాన, ఒక సరస్సు ఒడ్డున, చేపల ఎరలు అమ్మే కొట్టుంది. చదువైపోతే విద్యార్థుల వసతిగదిలో ఉండనివ్వరు. దక్షిణాదికి పోయి వెతుక్కునేందుకు డబ్బు లేదు. ఇక్కడ ఉద్యోగం రాకపోతే ఆ కొట్టుకే పోవాలి. నాన్న కోప్పడే మనిషైనా బాగుండేది. ఆయన ఫోన్లో మెత్తగా, "కౌంటర్ వెనక నీ స్టూలు అలాగే ఉంచాను తల్లీ," అంటాడు. ఆ మాట విన్న రోజు ఇల్వాకి అన్నం సహించదు.

డీసాకి కావలసింది నది. ఊరి మధ్యలో పారే ఆ నదికి ఒక నీటి పరీక్షల ప్రయోగశాల ఉంది. చదువుకునే రోజుల్లో చలికాలమంతా నది మీద గడ్డకట్టిన మంచుకి రంధ్రాలు తొలిచి, నీళ్ళు పట్టి, పరీక్షలు చేసింది డీసానే. ఇల్వా పక్కన సీసాలు పట్టుకుని నిలబడింది. ఇద్దరిదీ ఒకే వంటగది. తన పాలు అయిపోతే ఇల్వా డీసా పాలు తాగేసేది. డీసా ఏమీ అనకుండా ఇంకో డబ్బా కొనుక్కొచ్చేది.

ఆ మంగళవారం గున్వర్ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఇంటర్వ్యూలో అడిగినట్టే అడగడం మొదలుపెట్టింది.

"మంచుకి రంధ్రాలు ఎవరు తొలిచారు, డీసా?"

"మేం తొలిచాం."

"మేం అంటే?"

"అంటే... ఇల్వా కూడా వచ్చింది కదా."

"ఒక కుర్చీలో ఇద్దర్ని కూర్చోబెట్టరమ్మా. మొహమాటం కూడు పెట్టదు. ఇల్వా, నువ్వు చెప్పు. ఎవరు తొలిచారు?"

ఇల్వా డీసా వంక చూడకుండా, "నేను తొలిచాను," అంది.

"అదీ! అలా చెప్పాలి. వెన్ను నిటారుగా, కళ్ళలోకి చూసి." గున్వర్ డీసా వైపు తిరిగింది. "చూసి నేర్చుకో."

డీసా తలూపింది, నిజంగానే నేర్చుకుంటున్నట్టు.

తర్వాత గున్వర్ కాఫీ పోసి, గాజు మూత తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. మర్యాద ఇక వాళ్ళ వంతు.

దక్షిణాది వాళ్ళు మర్చిపోయారు గానీ, ఆ ఊళ్ళో కాఫీ బల్ల దగ్గర మర్యాద అంటే ఇప్పటికీ పాత పద్ధతే. మొదటిసారి అడగ్గానే చెయ్యి చాచినవాడు ఆశపోతు. రెండోసారికి తీసుకున్నవాడు కరువుగొట్టు. మూడోసారి కూడా వద్దన్నవాడు పొగరుబోతు. అందుకని రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి తీసుకోవాలి. ఇది పాలు తాగే పిల్లలకీ తెలుసు. డీసా అయితే ఈ మర్యాద ఒక్కనాడూ తప్పి ఎరగదు. ఆ సంగతి ఇల్వాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇల్వా పళ్ళెం డీసా వైపు జరిపింది. "తీసుకో, డీసా."

"అయ్యో, వద్దు. నువ్వు తీసుకో."

"నది నీది. ప్రయోగశాలలో మనిషి కావాలంటున్నారట, ఇది అదేనేమో. తీసుకో."

"పర్లేదు, ఇప్పుడే తినొచ్చాను."

అంటూనే డీసా చెయ్యి ఒళ్ళోంచి లేచి బల్ల అంచు మీదికొచ్చింది. అరచెయ్యి సగం తెరుచుకుని, పళ్ళేనికి జానెడు దూరంలో ఆగింది. ఇంకొక్కసారి అడిగితే చాలు. డీసా పెదవుల మీద సిగ్గుతో కూడిన సంతోషం కూడా అప్పుడే మొదలైంది.

ఇల్వాకి స్టూలు గుర్తొచ్చింది. ముక్క తీసి తన నోట్లో పెట్టుకుంది.

నది రుచి కోసం చూసింది. మంచు కరిగిన నీళ్ళ రుచి, బురద రుచి. రాలేదు. చల్లారిపోయి మళ్ళీ వేడిచేసిన కాఫీ రుచి వచ్చింది. దాని వెనక దుమ్ము పట్టిన కాగితాల రుచి. ఉమ్మేసే వీలు లేదు. మింగింది.

డీసా చెయ్యి బల్ల మీద లేని పొడిని కాసేపు తుడిచి, ఒళ్ళోకి వెళ్ళిపోయింది. "బాగుందా?" అని అడిగింది.

"బాగుంది."

డీసా వెళ్ళాక గున్వర్ తన మెడలోని తాళంచెవి తీసి ఇల్వా ముందు పెట్టింది. "జూన్‌లో నేను రిటైరై దిగిపోతున్నాను. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకో."

"ఇది నీ ఉద్యోగమని నీకు ముందే తెలుసా?"

"ఈ కుర్చీలో కూర్చుంటే వాసన తెలుస్తుంది. నీకూ తెలుస్తుందిలే."

"చెప్పొచ్చు కదా, గున్వర్."

"అడిగితే చెప్పేదాన్ని. సలహా అడిగినవాళ్ళకే చెప్తాను." కోటు తొడుక్కుంటూ ఆగింది. "రెండుసార్లే అడిగావు."

"తను వద్దంది."

"అవును. నా ముక్కప్పుడు సోల్వెయిగ్ కూడా వద్దంది. నేనూ రెండుసార్లే అడిగాను."

ఇల్వా తాళంచెవి అందుకుంది.

ఇల్వాకి నదికి దూరంగా ఒక చిన్న ఇల్లు దొరికింది. సలహాలు బాగా చెబుతుందని పేరొచ్చింది. చెయ్యి కలిపితే చచ్చిన చేపలా వదిలెయ్యకు, జీతం మాట నువ్వు ముందెత్తకు, 'అంత గొప్పేం కాదండీ' అన్న ముక్క నోట రానివ్వకు. పిల్లలు తలలూపి రాసుకునేవాళ్ళు. డీసా వసతిగది ఖాళీ చేసి, ఒకరింటి నేలమాళిగలో అద్దెకి చేరి, హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరింది. కొట్లో ఎదురుపడితే, "బాగున్నావా?" అని తనే ముందు పలకరించేది. ఇల్వా పాల డబ్బాల వైపు చూస్తూ బాగున్నాననేది.

మళ్ళీ మే వచ్చింది. ఇల్వా గున్వర్ గిన్నెలోనే కేకు చేసింది. ఈసారీ ఒక్క ముక్కే. ముక్కు దగ్గర పెట్టుకుంది.

నది. పగిలే మంచు, చల్లటి బురద, తడిసిన చెట్ల వేళ్ళు. ఎంత నది అంటే, సలహాల గదిలో కిటికీ అద్దాలు మసకబారాయి. తను తిన్నా దూదే అవుతుందని ఇల్వాకి తెలుసు. అయినా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ పొద్దున వచ్చింది డీసా ఒక్కతే. సబ్బునీళ్ళకి చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"సలహా కోసం వచ్చాను," అంది నవ్వుతూ.

ఇల్వా ఎదురుగా కూర్చోబెట్టింది. నిటారుగా కూర్చోమంది. కళ్ళలోకి చూడమంది. తర్వాత, ఆ ప్రశ్న ఎందుకు ఎంచుకుందో తనకే తెలియదు, "మంచుకి రంధ్రాలు ఎవరు తొలిచారు?" అని అడిగింది.

డీసా ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"మేం తొలిచాం," అంది.

"అలా చెబితే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, డీసా."

"అవును. నాకా అలవాటు పోలేదు."

ఇల్వా కాఫీ పోసి, మూత తీసింది. "తీసుకో."

"వద్దులే. ఇంకెవరైనా వస్తారేమో, ఉంచు."

"ఎవరూ రారు. తీసుకో, డీసా."

"ఇప్పుడే తినొచ్చాను."

ఆ చెయ్యి లేచి బల్ల అంచు మీదికొచ్చింది. అరచెయ్యి సగం తెరుచుకుంది. పగుళ్ళన్నీ కనిపించాయి. ఈసారి చూడటానికి గున్వర్ లేదు. ఇంకొక్క మాట. ఆ మాట అంటే డీసా ఇకనుంచి ప్రయోగశాల కిటికీలోంచి నదిని చూస్తూ ఉంటుంది. తను ఈ పొట్టికాలు కుర్చీలో కూర్చుని, డీసా అక్కడ ఉందని తెలిసి, రిటైరయ్యేదాకా కాఫీ వేడిచేసుకుంటూ ఉండాలి.

"సరే మరి," అంది ఇల్వా, గాజు మూత పెట్టేసి. "చెయ్యి మాత్రం గట్టిగా కలుపు. అది మర్చిపోకు."

డీసా తలూపింది. థాంక్స్ చెప్పింది. మూల సింకు దగ్గర కాసేపు నీళ్ళ చప్పుడైంది. తర్వాత తలుపు మెల్లగా పడింది.

మధ్యాహ్నానికి మూత కింద ముక్క కరిగి నీళ్ళయింది. పళ్ళెం అంచుదాకా తేటగా, చల్లగా, అడుగున కాస్త ఒండ్రుతో. ఉన్నవాళ్ళతోనే సర్దుకుంటామని శుక్రవారం ప్రయోగశాల నుంచి కబురొస్తుంది. ఇల్వాకి అది ముందే తెలుసు. నీళ్ళు పారబోసి, పళ్ళెం కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది.

డీసా తన కప్పుతో పాటు ఇల్వా కప్పు కూడా కడిగి, పక్కపక్కన బోర్లించి వెళ్ళింది.