కొండచిలువకు ఉద్వాసన

రోళ్లు పగులునని పెద్దలు చెప్పు రోహిణీకార్తె గుంటూరు నగరముపై తన సమస్తప్రతాపమును ప్రదర్శించుచుండెను. ప్రచండమార్తాండకిరణములకు తారురోడ్లు మెత్తబడి బాటసారుల చెప్పులను పట్టుకొని విడువకుండెను. మిరపకొట్లమీదుగా వీచు వడగాలి దారిన బోవువారి ముక్కులను మండించి తుమ్మించి మఱీ సాగనంపుచుండెను. నిమ్మసోడాబండ్ల యజమానులు సింహాసనాసీనులైన మహారాజులవలె వెలుగుచుండిరి. అట్టి అపరాహ్ణవేళ నగరోపాంతమునందలి అలకాపురి జలక్రీడావనమున మాత్రము శీతలశీకరములు మింటి కెగయుచుండగా నఖశిఖపర్యంతము తడిసిన బాలబాలికల కేరింతలు ఆ యెండనే వెక్కిరించుచున్నవా యనునట్లు దిక్కులు మాఱుమ్రోగించుచుండెను.

ఆ వనమధ్యమున మూడంతస్తుల మేడయంత యెత్తున హరితవర్ణదేహముతో మెలికలు మెలికలుగా చుట్టుకొనియున్న పురాతనమైన జారుడుగొట్ట మొకటి కలదు. దానిని నిలిపినవారు కాగితములలో నే నామమున వ్రాసికొనిరో యెవ్వరికిని తెలియదు. నగరవాసులందఱును దానిని కొండచిలువ యనియే పిలుచుచుండిరి. ఏలయన క్రింది కొలనిపైకి తెఱచియున్న దాని ద్వారముపై రెండు కన్నులును నెఱ్ఱని నాలుకయు చిత్రింపబడియుండెను. లోకమునందలి కొండచిలువలు నోటితో మ్రింగును గదా, ఇది తోకతో మ్రింగి నోటితో గ్రక్కును. ఈ వైపరీత్యమును గూర్చి తరతరముల పిల్లలు పుట్టించిన పరిహాసములు అన్నియు వ్రాసినచో ఉద్గ్రంథమగును.

అట్టి కొండచిలువకు ఆనాడే కడపటి దినము. ఎండలకు వన్నె తఱిగి రూపు చెడిన యా గొట్టమును మఱునాడు విప్పివేసి దాని స్థానమున పంచరంగుల క్రొత్తగొట్టమును నిలుపుదురని వనద్వారమున పెద్దబోర్డు వ్రేలాడుచుండెను. ఆ వార్త విని సగము నగరము కదలివచ్చెను. మెట్లపై జనము చీమలబారువలె నిలిచియుండెను.

ఆ జనసందోహమున నెల్లరకంటె నుత్సాహము పొంగిపొరలుచున్నది కౌముది. ఇంజనీరింగు రెండవయేడు చదువుచున్న యా యువతి నడచుట యెఱుగదు పరుగెత్తుటయే యెఱుగును. ఒకమాట ముగియకమునుపే మఱియొకమాట మొదలుపెట్టును. ఆనాడైతే తెల్లవాఱినది మొదలు ఇంటిల్లిపాదిని నిదుర లేపి తొందరపెట్టి ఆటోలలో కుక్కి వనమునకు తోలుకొని వచ్చెను. ఇంతటి సంరంభమునకు కారణము చెప్పెదను వినుడు.

ప్రతివేసవియందును కౌముది యింటిపిల్లలు కొండచిలువలో రైలుబండి కట్టి జారుదురు. ఒకరి వెనుక నొకరు కూర్చుండి వెనుకవారు ముందువారి నడుము చుట్టి పట్టుకొందురు. ఎల్లరకును ముందు కూర్చున్నది ఇంజను. ఎల్లరకును వెనుక కూర్చున్నది గార్డు. గార్డు నోట వ్రేళ్లుంచి ఈల వేసినగాని బండి కదలరాదు. ఇది వారి శిలాశాసనము. కౌముదికి మేనమామ కొడుకైన వర్ధనుడు ఊహ తెలిసిననాటినుండి ఇంజను. కౌముది నాటినుండి గార్డు. ఆ చీకటిగొట్టమున ముందేమి వచ్చునో చూచు భాగ్యము ఇంజనుకే కలదు. గార్డుకు కనబడునది యెదుటివారి వీపు మాత్రమే. కావున కొండచిలువ మాయమగులోపల నొక్కసారియైన తాను ఇంజనై ముందు కూర్చుండి దాని గర్భమును కన్నులార చూడవలెనని యామె ఏకైకవాంఛ. ముందునాడు క్యారమ్సాటలో వర్ధనుని నోడించి ఆ పదవిని అతనివలన ధారాదత్తముగా పుచ్చుకొనెను. రేపు లేదు. ఉన్నది ఆ సాయంకాల మొక్కటే.

“ఏంది బావా, మాట మీదే ఉన్నావా? పైకి పోయాక తొండి ఆడావంటే ఊరుకోను.”

“ఆడావుగా తొండి. అయినా ఇచ్చాను పో. కానీ ఇంజనంటే కాస్త బరువుండాలే. నువ్వు ముందుంటే బండి సగంలో ఆగుద్ది.”

“ఆగితే వెనక నుంచి నెట్టు. ఇన్నేళ్లూ నేను నెట్టలా?”

కౌముది యంతటితో తృప్తిచెందలేదు. రైలుబండి కడసారి దిగినపిమ్మట కొండచిలువకు శాస్త్రోక్తముగా ఉద్వాసన చెప్పవలెనని సంకల్పించెను. చవితిపందిటిలో పూజలందిన వినాయకుని ఈశాన్యమునకు కొంచెము కదల్చి మరల రమ్మని వేడుకొని సాగనంపుటయే ఉద్వాసన యని చదువరు లెఱిగినదే. వారి యపార్టుమెంటు పందిటికి పురోహితుడు రాలేకపోయిన యొకయేడు కౌముదియే అమ్మమ్మవలన నేర్చి యా మంత్రమును గడగడ చదివి మెప్పు పొందెను. ఆ మెప్పు ఆమె చెవులలో నేటికిని మ్రోగుచుండెను.

కావున మెట్లక్రింద నొక పీటవేసి తమలపాకుపై పసుపుముద్ద నుంచి కుంకుమబొట్టు పెట్టి ఇదియే కొండచిలువ యని భావించి పువ్వులు సర్దసాగెను. ముందుగా అన్నియు సిద్ధముచేసికొని పిమ్మట జారి వచ్చుటయే యామె యుద్దేశము. కాని జనము మూగిరి. సెల్లుఫోనులు లేచెను. ఒక పెద్దమనిషి “ఏం పూజమ్మా ఇది?” యని యడిగెను. అడిగిన తరువాత కౌముది యాగునా? చెప్పుటకు మొదలిడెను. చెప్పుచు చేయసాగెను. చేయుచు మంత్ర మందుకొనెను. పదిమంది చూచుచుండగా ఆమె కంఠము గోదారివలె పొంగెను. ముద్దను ఈశాన్యమునకు కదల్చి “యథాస్థానముద్వాసయామి, శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ” యని ముగించి టెంకాయను రాతిపై నొక్క వ్రేటున పగులగొట్టెను. జనులు చప్పట్లు చఱచిరి.

కొలనిగట్టున గొడుగుక్రింద కుర్చీలో మజ్జిగసీసాతో కూర్చున్న అమ్మమ్మ సీతారావమ్మ మాత్రము చప్పట్లు కొట్టలేదు.

“అయిపోయింది. సాగనంపేశావు గదే.”

“అవునమ్మమ్మా. బాగా చెప్పానా?”

“బ్రహ్మాండంగా చెప్పావు. మరి ఇప్పుడు ఎక్కేదెట్టా?”

కౌముది టెంకాయచెక్క లేఱుచున్నదల్లా తల యెత్తెను.

“ఉద్వాసన చెప్పిన దేవుడికి మళ్లీ దీపం కూడా పెట్టం గదమ్మా. పోయిరా అని దణ్ణం పెట్టి, వెంటనే వీపెక్కి జారతానంటావేంది? తప్పు. ఇంక దాని మీద కాలు పెట్టగూడదు.”

ఈ వాక్యము మెట్టుమెట్టునకు నోటినుండి నోటికి కుండలు చేతులు మాఱినట్లు మాఱి పైకి ప్రాకెను. సాగనంపిరట. ఎక్కరాదట. మంచిది కాదట. పైయంచున నిలిచి క్షణములో జారవలసిన లావుపాటి యువకుడు సైతము వెనుకకు తిరిగెను. బారు బారంతయు తలక్రిందులై దిగనారంభించెను. ఒకతల్లి బిడ్డచెవి పట్టుకొని తెచ్చుచుండెను. ఇంచుకసేపటికి మెట్లు నిర్మానుష్యములయ్యెను. కొండచిలువలో నీరొక్కటే ఎవ్వరును లేక గలగల జారుచుండెను.

పైన మోటారు చూచుకొను మస్తాను పిట్టగోడపైనుండి తొంగిచూచెను.

“ఏందమ్మా, ఆఖరి రోజని నిలబడ్డోళ్లంతా కిందికి పోతారేంది? ఆరింటికి మోటారు కట్టేస్తా. మళ్లీ నన్నడగొద్దు.”

కౌముది యా శూన్యసోపానములవంక చూచెను. ఎవ్వరో చెఱచిన కార్యము కాదు. తన తొందరయే తన కోరికను మ్రింగెను. అదియు తోకతో గాదు నోటితోనే. పసుపంటిన చేతులతో ముక్కు తుడుచుకొని ముక్కునంతయు పసుపుచేసికొనెను. వర్ధను డామె ప్రక్కకు వచ్చి నిలిచెను. ఓదార్చుట యతనికి రాదు. ఎగతాళి యొక్కటే వచ్చును.

“ఇన్నేళ్లు గార్డువి. ఇంజను ఉద్యోగం వచ్చిన రోజే రైల్వే మూయించావు గదే.”

“నన్ను మాట్లాడించకు బావా.”

“సరే సరే. ఇంతా చేశాక ఇంక ఊరేగింపు, నిమజ్జనం ఒక్కటే తక్కువ. డప్పులోళ్లని పిలుచుకురానా?”

కౌముది తల చివ్వున నెత్తెను. చదువరీ, మెఱుపు మెఱయుటకు మేఘములే కావలెనా? మేనబావ పరిహాసము చాలదా? ఆమె తడినేలపై జారుచు నిలద్రొక్కుకొనుచు పరుగుపరుగున కొలనిగట్టు చేరి అమ్మమ్మ కుర్చీయెదుట మోకాళ్లపై కూలబడెను.

“అమ్మమ్మా, ఉద్వాసన అయ్యాక వినాయకుణ్ణి ఏం చేస్తాం?”

“ఏం చేస్తాం? బండెక్కించి, ఊరేగించి, నీళ్లలో కలుపుతాం.”

“కలపకుండా పందిట్లోనే వదిలేస్తే?”

“అపచారం గదే.”

“మరి కొండచిలువని పీట మీద వదిలేసి ఇంటికి పోదామా? అది అపచారం కాదా?”

సీతారావమ్మ మజ్జిగసీసా మూత తీసెను. ఒక్క గ్రుక్క త్రాగెను. మూత పెట్టెను. మనుమరాలి తెలివికి నవ్వు వచ్చుచున్నను నవ్విన పెద్దఱికము పోవునని పెదవులు బిగబట్టెను. కౌముది యాగలేదు.

“బండిలో దేవుణ్ణి ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చునేది ఎవరమ్మమ్మా?”

“ఉద్వాసన చెప్పినోళ్లే. సాగనంపిన చేతులే నీళ్లదాకా మొయ్యాలి. మధ్యలో ఇంకోళ్లకిచ్చేది లేదు.” సీతారావమ్మ వ్రేలెత్తెను. “కానీ ఒక్క మాట. ముద్ద కొలను చేరేదాకా చేతుల్లోంచి జారిందా, నీళ్లు తగిలి కరిగిందా, నీకు నాకు మాటల్లేవు. పో మరి, ఆరవుతోంది.”

ఆహా, అప్పటి కోలాహలమును వర్ణించుటకు వేయినోళ్లు గల శేషునికైన దమ్ము చాలునా? నిమజ్జనమట యను మాట మునుపటి మాటకంటె వేగముగా వనమంతయు వ్యాపించెను. ఎవ్వరును చెప్పకుండగనే పిల్లలు ప్లాస్టికుబకెట్లు బోర్లించి తీన్మారు మ్రోగింపసాగిరి. లావుపాటి యువకుడు తువ్వాలు తలకు చుట్టి చిందులు త్రొక్కెను. “జై బోలో కొండచిలువకీ” యని యొక గొంతు లేవగా కొలనిచుట్టు నిలిచిన జనమంతయు జై యని మాఱుపలికెను. ఆ మేళతాళములనడుమ తమలపాకులో చుట్టిన పసుపుముద్దను రెండుచేతుల నెత్తిపట్టుకొని కౌముది మెట్లెక్కెను. ఆమె వెనుక పిన్ని కుమార్తెలైన కవలలిద్దఱును ఎక్కిరి. కడపట వర్ధనుడు తల వంచుకొని యెక్కెను.

“నిమజ్జనమైతే ఇదొక్కటే ఆఖరు” అని మస్తాను గడియారము చూచెను. “నీళ్లలో పసుపు కలుపుకోండి, పర్వాలా. ఎట్టాగూ రేపు కొలను ఖాళీ చేస్తాం. తొరగా కానీండి.”

కౌముది యందఱికంటె ముందు కూర్చుండెను. ఆమె నడుము నొక కవల పట్టెను. ఆ కవల నడుమును రెండవది పట్టెను. గార్డుస్థానము ఖాళీగా నుండెను.

“గార్డు లేని బండి కదలదు బావా.”

“తెలుసులే, జరగండి” అని సణుగుచు ఇన్నేండ్ల ఇంజను తోకపెట్టెయై కూర్చుండెను. కూర్చుండి నోట వ్రేళ్లుంచి ఊదెను. ఫూ యని గాలి వచ్చెను గాని ఈల రాలేదు. మరల నూదెను. మరల గాలియే. అతనికి జన్మలో ఈల వేయు నవసరము కలుగలేదు. ఇంజనుకు ఈల వినుటయే పని గదా.

“ఈల రాదా నీకు?” కౌముది వెనుకకు తిరుగరాదు, చేతులు దింపరాదు. “నాలుక వెనక్కి మడువు. ఇంకా. వేళ్లు దాని మీద పెట్టి, పెదాలు లోపలికి తోసి ఊదు.”

“నేను మోటారు దగ్గరికి పోతున్నానమ్మా” యని మస్తాను కదలెను. కవలలు కిలకిల నవ్విరి. ఫూ. ఫూ. పిమ్మట నొక్కసారిగా చెవులు గింగురుమనునట్లు ఈల మ్రోగెను. అంతవఱకు తానే వేయుచు వచ్చిన యా ఈల వెనుకనుండి వచ్చి తాకగా కౌముది వెన్ను జలదరించెను. బండి కదలెను.

పట్టుకొనుటకు చేతులు లేక పసుపుముద్దను నెత్తిపై నిలిపి నీటితాకిడికి వెనుకకు వాలి మొదటి మెలికలో కుడివైపునకు రెండవమెలికలో ఎడమవైపునకు గోడలెక్కి దిగి ఊపిరి గుండెలో నిలువక అరచుటకు నోరు తెఱచి అరపు మఱచి దూసికొనిపోవుచున్న కౌముదికి మూడవమెలికలో చీకటి విడిపోయెను. ఏండ్లతరబడి యెండలు తిని పలుచబడిన యా గోడలగుండ సాయంకాలసూర్యుడు లోపలికి కాఱుచుండెను. గొట్టమంతయు లేతమామిడిచివురువలె వెలిగెను. ఆ వెలుగులో నీరు వెలిగెను. నెత్తిపై చేతులు వెలిగెను. ముసలితనమువలన పనికిరానిదని విప్పివేయబోవు దేహము లోపల నింత దీపము పెట్టుకొనియున్నదని వెలుపలివా రెవ్వ రెఱుగుదురు? చూచెను. తనివితీర చూచుటకు సమయము లేదు గావున కన్నులు రెండును రెట్టింపుగా తెఱచి చూచెను. అంతలో ఎఱ్ఱనాలుకపైనుండి కొండచిలువ వారి నందఱిని కొలనిలోనికి గ్రక్కెను.

ఎగసిన నీరు గట్టునున్న సీతారావమ్మను కొప్పునుండి కాలిమెట్టెలవఱకు తడిపెను. ఆమె చూచినది తన చీరను గాదు. నడుములోతునీట మునిగిపోయిన మనుమరాలి చేతులు రెండును నీటిపైన నిలిచియుండెను. ఆ చేతులలో తమలపాకు చెక్కుచెదరకుండెను.

కౌముది పైకి లేచి ఊపిరి తీసికొని చేతులు మెల్లగా నీటిలో దించి విప్పెను. పసుపు విడివడి సన్నని మేఘమువలె వ్యాపించెను. బకెట్ల మ్రోత తనంతట తానే ఆగెను.

వర్ధనుడు ముఖముపై నీరు తుడుచుకొనుచు దరిచేరెను. “ముందేం కనపడిందే?”

“ఇన్నేళ్లూ నువ్వెప్పుడన్నా చెప్పావా నాకు?”

“నాకు మాత్రం పిల్లదాని వీపు కనపడింది.”

“అదే బావా గార్డు జీతం” యని ఆమె పకపక నవ్వెను. కన్నుల నీరు కొలనినీటిలో కలిసినందున నెవ్వరికిని కనబడలేదు.

ఆరు గంటలాయెను. పైన మోటారు గొంతు సన్నగిలి ఆగెను. వీడ్కోలు పలుకుట సులభము. పలికినవారే నీటిదాక మోయుట కష్టము. అట్లు మోసినవారికి మాత్రమే దాని లోపలి వెలుగు కనబడును. కొండచిలువ నాలుకపై ధార తీగయయ్యెను. తీగ చుక్కలయ్యెను. కడపటి చుక్క ఎఱ్ఱనాలుక కొసన నొక్క క్షణము నిలిచి సంజవెలుగునంతయు తనలో నింపుకొని పచ్చనినీటిలో పడెను.