చింతపండుతో తోమిన రేడియో

పొద్దుగూకి మగ్గాలు ఆగగానే సిరిసిల్ల నేతవాడలో మగవాళ్లంతా నేత సంఘం అరుగెక్కి రేడియో ముందు కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు ఎదురింటి వాకిట్లో కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లు. ఢిల్లీ వార్తలు ఎవరికీ అర్థమయ్యేవి కావు, ఒక్క ఇస్తారికి తప్ప. అతను చెప్పే అర్థం మాత్రం రోజుకొక తీరుగా ఉండేది. అయినా వినడం మానితే పక్కవాడు తెలివిమంతుడైపోతాడని ఎవరూ మానలేదు.

చైనా యుద్ధం అయిన నాలుగేళ్లకు, ముసురు పట్టిన ఒక వానాకాలం, ఆ రేడియో మూగబోయింది.

"ఫికర్ ఎందుకు? మన సిద్దిరాములు ఉన్నడు గద" అన్నాడు సంఘం పెద్ద సారయ్య, నలుగురికీ వినబడేటట్టు.

సిద్దిరాములు బొంబాయి దగ్గరి భివండి పోయి వచ్చినవాడు. అక్కడ రేడియోలు బాగుచేసేవాణ్ణని వాడంతా చెప్పుకున్నాడు. జనం నమ్మడానికి అంగీ జేబులో ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగాడు, అన్నం తినేటప్పుడు కూడా. నిజానికి అక్కడ మగ్గం పని దొరకక ఒక ఖానావళిలో గిన్నెలు తోమాడు. నేతగాడి బిడ్డ ఊరుగాని ఊళ్లో ఎంగిలి కంచాలు కడిగాడని ఏ నోటితో చెప్తాడు? ఆ స్క్రూడ్రైవర్‌ను చూసే సారయ్య తన కూతురు బాలలక్ష్మిని ఇస్తానన్నాడు. కార్తీకంలో లగ్గం. రేడియో పలకకపోతే లగ్గం లేదు.

ఇంటికి తెచ్చి వెనక మూత విప్పాడు. సెల్లు కారి, లోపలి పలక మీది సన్నని రాగి గీతలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ గీతలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో అతనికి తెలియదు. రాగికి చిలుము పడితే ఏం చేయాలో మాత్రం తెలుసు. చింతపండు నానబెట్టాడు. ఉప్పు, జల్లించిన బూడిద కలిపాడు. కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోయే చెంబును తోమినట్టు, ఒక మూల నుంచి మొదలుపెట్టి పలకంతా తోమి, కడిగి, పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. రాగి తళతళలాడింది. లోపల పులుసు వాసన వచ్చింది.

మర్నాడు పొద్దుగూకాక సారయ్య మీట తిప్పాడు. రేడియో పలికింది. గిన్నెల చప్పుడు. నీళ్లు పోసిన చప్పుడు. ఇటుకపొడితో ఇత్తడిని రుద్దుతున్న గరగర.

"కొత్త స్టేషన్ దొరికింది" అన్నాడు ఇస్తారి.

అంతలో రేడియో లోపలినుంచి ఒక మొరటు గొంతు మరాఠీలో కేకేసింది. "ఏ సిద్రామ్! భాండీ ఘాసలీ కా?" గిన్నెలు తోమావా అని.

"హో శేట్, ఆలో!" వస్తున్నా శేటూ అంటూ అరుగు మీద సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. అప్పటికే అంగీ చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.

వాడకు గుట్టు తెలిసిపోయింది. తలా ఒక మాట అన్నారు.

"ఓ కొడుకా, మా గంజు గిన్నె అడుగంటింది. గా స్క్రూడ్రైవర్ పట్టుకొని జర రారాదూ!" అంది వాకిట్లోంచి భూమవ్వ. ఆమెకు పళ్లు లేకపోయినా మాట కొరికితే గాటు పడుతుంది.

రేడియో ఇక ఆ ఖానావళిని వదల్లేదు. వాడకు అదే నచ్చింది. ఢిల్లీ కంటే ఇదే నయం, తిట్లు ఎవరికి పడుతున్నాయో తెలుస్తుంది. ఇస్తారి తనకు రాని మరాఠీకి కూడా అర్థం చెప్పసాగాడు. సిద్దిరాములు మాత్రం తలుపేసుకుని పడుకున్నాడు. దుప్పటి కప్పుకున్నా తన తోముడు చప్పుడు తనకే వినిపించేది. చివరికి ఒక సాయంత్రం మూట కట్టుకుని సంఘం దగ్గరికి వచ్చాడు.

"మామా, తప్పయింది. పిల్లకు ఇంకో సంబంధం సూడుండ్రి. నేను మళ్ల భివండి పోత."

సారయ్య నేల చూశాడు. రేడియో అల్లుడు దొరికాడని వేములవాడ దాకా చెప్పుకున్నవాడు ఆయన. ఆయన సిగ్గు ఆయనది.

ఎదురింటి వాకిట్లోంచి బాలలక్ష్మి లేచింది. ఇంట్లోకి పోయి నీళ్లు కాచే రాగి కాగును దొర్లించుకుంటూ వచ్చింది. మసిపట్టి, లోపల చిలుము పట్టిన కాగు. దాన్ని అతని ముందు నిలబెట్టి, కొంగులోని చింతపండు తీసి పక్కన పెట్టింది.

"దినాం నీ తోముడు ఇంటున్న. ఎవలైనా గిన్నె నోరున్న కాడికి తోమి ఇడిసిపెడ్తరు. నువ్వు అడుగు నుంచి మొదలుపెడ్తవు" అంది.

"గది నీకెట్ల తెలుసు?"

"సప్పుడుకు తెల్వదా? మా ఇంట్ల రేడియో లేదు, బాగుచేసెటోణ్ణి ఏం జేస్కుంట? కాగైతే ఉన్నది. తోము."

వాడంతా చూస్తుంటే సిద్దిరాములు మూట పక్కన పెట్టి కూర్చున్నాడు. తల ఎత్తలేదు. చెయ్యి కాగు అడుగుకు పోయింది. అతను రుద్దుతున్నకొద్దీ రేడియోలో గరగర సన్నబడుతూ పోయి, కాగు అడుగున ఎర్రటి రాగి తేలగానే హైదరాబాద్ స్టేషన్ పలికింది. పత్తి ధరలు.

"అరెరె, శేటు పోయిండు" అని ఇస్తారి నిజంగానే బాధపడ్డాడు.

సారయ్య గొంతు సవరించుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, వాకిలి వైపు తిరిగి అన్నాడు.

"అల్లునికి ఇంకింత చింతపండు తెచ్చియ్యుండ్రి."