చుక్క తర్వాత ముప్పై గుంటలు

ఆ వానాకాలం యూరియాకు కరువొచ్చింది. మా ఊరు బయ్యారం దాటి నాలుగు కిలోమీటర్లు. ఊళ్లోని ఎరువుల సంఘానికి పెద్ద నిరంజన్ సారు. నేను ఫోన్లో చూసి మూడు నెలలు పైథాన్ కోడింగ్ నేర్చుకున్నానని తెలిసి పిలిపించాడు.

"సౌందర్యా, ఎకరాలు కొడితే బస్తాలెన్నో చెప్పేటట్టు ఒకటి చెయ్యి బిడ్డా. ఎవ్వలతోని లొల్లి ఉండద్దు," అన్నాడు. ఎకరానికి ఒక బస్తా. అర ఎకరం, ఆపైన మిగిలితే ఇంకొకటి.

చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు అంటారు, రాసిచ్చాను. కంప్యూటర్ నల్ల తెర మీద స్క్రిప్టు పేరు కొట్టి, పక్కనే భూమి ఎంతో కొట్టాలి. 'రెండు' అని అక్షరాల్లో కొడితే "అంకెలే కొట్టండి" అంటుంది. సున్నా ఒప్పుకోదు, మైనస్ ఒప్పుకోదు, ఏమీ కొట్టకపోయినా ఒప్పుకోదు. ఇక తప్పు ఎటునుంచి దూరుతుందని తెగ మురిసిపోయాను.

పంచే రోజు తెల్లారకముందే జనం చెప్పులు లైన్లో పెట్టారు. నిరంజన్ సారు ముందుగా తన భూమి తనే కొట్టుకుని, ఏడు బస్తాలు ట్రాక్టర్లో వేయించుకుని పోయాడు. తర్వాత మిగతావాళ్ల భూమి పాసుపుస్తకాలు చూసి నేను కొట్టాను. మా నాయిన సాయిలు వంతు వచ్చింది. పుస్తకంలో 1.30. ఒక బస్తా అని వచ్చింది.

"రెండు రావాలె గద బిడ్డా."

"నలుగురి ముందట ఇజ్జత్ తియ్యకు నాయినా. కంప్యూటర్ తప్పు చెప్తదా?" అని కసిరాను. నాయిన ఒక్క బస్తా ఎత్తుకున్నాడు. సాయంత్రానికి గోదాం ఖాళీ.

ఇరవై రోజులకు మా మక్కచేను ఒక పక్కంతా పసుపు రంగుకు తిరిగింది. "ఎకరం దాంక ఏసిన. మిగిలిన ముప్పై గుంటలకు సాలలే," అన్నాడు నాయిన.

పాసుపుస్తకంలో చుక్క తర్వాత ఉండేవి గుంటలని, నలభై గుంటలు ఒక ఎకరమని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ముప్పై గుంటలంటే ముప్పావు ఎకరం. నా స్క్రిప్టు దాన్ని పదింట మూడొంతులనుకుని, అర కూడా లేదని కొట్టేసింది.

కొట్టినవన్నీ దాచిన ఫైలు తెరిచాను. 2.25, 1.30, 3.35. చుక్క తర్వాత ఇరవై, ఆపైన ఉన్నోళ్లందరికీ ఒక్కో బస్తా తగ్గింది. మొదటి వరుసలో మాత్రం 6.75. ముప్పైతొమ్మిది దాటిన గుంటలు ఏ పాసుపుస్తకంలో ఉంటాయి? నిరంజన్ సారుది ఆరెకరాల ముప్పై గుంటలు; ముప్పావని లెక్కకట్టి .75 కొట్టుకున్నాడు.

పోయి అడిగాను. "మీకు ముందే తెలుసా సార్?"

"నాకు రావాల్సిందే తీస్కున్న. ఒక్కటన్న ఎక్కువ తీస్కున్ననా?"

"మాకెందుకు చెప్పలే?"

"వచ్చినయే నూరు బస్తాలు. అందరికి సరిగ్గ ఇస్తే ఎనకున్నోళ్లకు అందక, వాళ్లు నా మీద పడుతుండిరి. నువ్వు రాసిందాన్ని నేనెందుకు తప్పు పట్టాలె?"

ఆయన మీద ఎంత మండిందో, నాయినను కసిరిన నా నోటి మీద అంతకు రెట్టింపు మండింది. ఇంటికొచ్చి స్క్రిప్టు దిద్దాను. చుక్క తర్వాతవి గుంటలు, నలభై వస్తే ఒప్పుకోవద్దు. దానికి పట్టింది రెండు వరుసలే. నాయినను పిలిచి 1.30 కొట్టాను. రెండు బస్తాలు అని వచ్చింది.

నాయిన తెర మీదికి వంగి చూశాడు.

"ఇప్పుడు మంచిగ చెప్తున్నది," అన్నాడు. "ఆ రెండోది యాడున్నది బిడ్డా?"