కుడివైపు బటన్

సుమ వస్తోందని ఆదివారం పొద్దున్నే మా ఆయన గోపినాథ్ అటక ఎక్కాడు. బూజు దులపమంటే నడుం నొప్పి అనే మనిషి! దుమ్ము కొట్టుకుపోయిన వీడియో గేమ్ పెట్టె దించి, పాత టీవీకి తగిలించి, కారు ఆట క్యాసెట్‌ను ఉఫ్‌మని ఊది పెట్టాడు.

సుమ అంటే ఈ బతు బస్తీలోనే ఆయన చిన్నప్పటి పక్కింటి పిల్ల. ఇప్పుడు వండూర్‌లో టీచరు. నేనేమో పెళ్ళయ్యాక విజయనగరం నుంచి వచ్చి, వైజాగ్‌లో ఓడెక్కి ఈ దీవిలో దిగినదాన్ని. వాళ్ళ చిన్నతనంలో నాకు వాటా లేదు.

రెండో రిమోట్ అప్పట్లోనే పాడైందట. అందుకని ఒకే రిమోట్‌ను ఇద్దరూ పట్టుకుని ఆడేవారట. ఎడమవైపు కారు తిప్పడం ఈయన పని, కుడివైపు బటన్ నొక్కి స్పీడు పెంచడం ఆవిడ పని. ఇప్పుడూ అలాగే కూర్చున్నారు, భుజానికి భుజం ఆనించి.

తెర మీద అగ్గిపెట్టెంత ఎర్రకారు, రెండు గీతల రోడ్డు. దానికే ఎంత గోల!

"ఒగ్గీ సుమా, బటన్ వదిలేయ్! ఆగే లారీ హై, ముందు లారీ!"

"నువ్వు పక్కకి తిప్పరా, పాగల్!"

కారు తప్పించుకుంది. మా ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నవ్వు నేను వినలేదు. భుజాలు తగిలితే తగలనీ, ఆ నవ్వు ఆవిడకెందుకు?

"భాభీ, చాయ్ చాలా బాగుంది," అంది సుమ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఖాళీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి వెళ్తూ గోడకున్న మెయిన్ దించేశాను. టీవీ టప్పున ఆరిపోయింది. ఫ్యాన్ ఆగింది.

"అయ్యో, రికార్డు దగ్గరికొచ్చేశాం గోపీ!" అంది సుమ.

పక్కింటి గవరమ్మ మిక్సీ మాత్రం గుర్రుమంటూనే ఉంది. ముగ్గురం విన్నాం.

మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"మన లైనొక్కటే పోయినట్టుంది," అన్నాడు సుమతో. "ఈ బస్తీలో బిజిలీ ఇంతే."

ఆవిడ బస్సెక్కాక ఆయనే వెళ్ళి మెయిన్ ఎత్తాడు. తిట్టినా బాగుండేది. రిమోట్ తెచ్చి, నా పక్కన కూర్చుని, కుడివైపు నా చేతికిచ్చాడు.

"నొక్కు రాజీ."

నొక్కాను. మొదటి లారీనే గుద్దేశాం. ఆయన నవ్వాడు, నేను నొచ్చుకోకుండా. ఆ నవ్వు మాత్రం కాదది.

"ఇంకో ఆట పెట్టండి," అన్నాను. బటన్ మీంచి వేలు తీయలేదు.